చుక్క మీద బొటనవేలు

"గుర్తు లేదండి" అన్నాను. గుర్తుంది.

ఇన్నేళ్ళుగా నేను మోస్తున్నది ఇంతే. పైకి అన్న ఒక మాట, అనకుండా మింగిన ఒక మాట. అన్నది అబద్ధం. మింగినది, "అది నాదే, నేనే ఆయనకిచ్చాను" అన్న నిజం. ఆ నిజం ఆ రోజు చెప్పి ఉంటే ఒక మనిషి సాయంత్రం దాకా తన కొట్లో తన కుర్చీలో కూర్చుని, దేవుడి పటం ముందు అగరొత్తి వెలిగించుకుని, షట్టరు దించుకుని ఇంటికి వెళ్ళేవాడు. నేను చెప్పలేదు. మర్చిపోయి కాదు. పోలీసును చూసి భయపడీ కాదు. భయపడ్డానని రాస్తే మీరు కొంచెం జాలిపడతారని తెలుసు. అందుకే ముందే చెబుతున్నాను. కక్షతోనే చెప్పలేదు.

నేను రాజమండ్రిలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. పేరు రాయను. రాస్తే నా పిల్లలు తలదించుకోవాల్సి వస్తుంది. ఇందులో వాళ్ళ తప్పేమీ లేదు.

నాకొక పిచ్చి ఉంది. పాత వీడియో గేములు. ఇప్పటి ఫోను ఆటలు కాదు, మా చిన్నప్పుడు టీవీకి తగిలించుకుని ఆడిన సెట్లు, వాటిలో గుచ్చే ప్లాస్టిక్ డబ్బాలు. లోపల టేపూ లేదు, చుట్టలూ లేవు, అయినా వాటిని మేం క్యాసెట్లనే అనేవాళ్ళం. అలాంటివి ఇప్పుడెవరూ తయారు చెయ్యరు. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తే మిక్సీతోనో టేప్ రికార్డరుతోనో కలిసి సెకండ్ హ్యాండ్ కొట్టుకు చేరతాయి. ఆదివారాలు వాటికోసం కాకినాడ, తణుకు, భీమవరం తిరిగేవాణ్ణి. కొట్లో ఉండగా తెలిసినవాళ్ళెవరైనా కనబడితే గబుక్కున మిక్సీ జారు చేతిలోకి తీసుకుని బ్లేడు పరీక్షిస్తున్నట్టు నటించేవాణ్ణి. పిల్లల్ని ఆటలు మానెయ్యమని చెప్పే మాస్టారు ఆటలు కొనుక్కుంటే ఏం బాగుంటుంది?

వీర్రాజు గారి దగ్గర మాత్రం ఆ నటన అక్కర్లేదు.

ఆయన కొట్టు కోటిపల్లి బస్టాండు వెనక సందులో ఉండేది. పాత టీవీలు, ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు. ఒక మూల అట్టపెట్టెలో గేమ్ క్యాసెట్లు. వాటిని నాకోసమే పోగుచేసేవాడు. వయసులో నాకంటే కొంచెం పెద్ద. మాట చివర 'అండి' లేకుండా ఆయన నోట ఒక్క మాట రాదు. పిల్లిని తోలినా "ఎల్లండి, ఎల్లండి" అనేవాడు. క్యాసెట్ పెట్టగానే బొమ్మ రాకపోతే బయటికి లాగి, గట్టిగా ఊది, మళ్ళీ గుచ్చేవాడు. నోటి తడికి లోపలి పిన్నులు పాడవుతాయని నేను క్లాసు పీకేవాణ్ణి.

"మీ సైన్సు మీదండీ, నా ఊదుడు నాదండీ. ఇదిగో, వచ్చిందా లేదా బొమ్మ?" అనేవాడు. వచ్చేది.

నాకొక అలవాటు ఉంది. ఇది గుర్తుపెట్టుకోండి, మొత్తం దీని మీదే నడిచింది. నా క్యాసెట్లు వేరేవాటితో కలిసిపోకుండా అడుగు అంచున మా ఆవిడ గోళ్ళరంగుతో ఒక ఎర్ర చుక్క పెట్టేవాణ్ణి. వీర్రాజు గారు అది చూసి నవ్వేవాడు. "అమ్మగారికి గోళ్ళకేం మిగల్చరాండీ మాస్టారూ?" అని.

ఆయన నాకు స్నేహితుడా? ఆ రోజుల్లో అడిగితే కొట్టువాడు అని చెప్పి ఉండేవాణ్ణి. కానీ వారమంతా ఎవరితోనూ మాట్లాడని సంగతి ఆయనతో ఒక్కడితోనే మాట్లాడేవాణ్ణి. దానికి వేరే పేరు ఏముంటుంది?

ఆయన్ని నేను పదే పదే అడిగిన క్యాసెట్ ఒకటుంది. పడవ గేమ్. అసలు పేరు నాకు ఇప్పటికీ తెలియదు. మాది పాలకొల్లు. చిన్నప్పుడు అక్కడ బస్టాండు దగ్గర వీడియో గేమ్ షాపు ఉండేది. అరగంటకింత అని డబ్బులు తీసుకుని ఆడనిచ్చేవారు. ఆటల పేర్లు చదవడం మాకు రాదు. తెర మీద ఏది కనబడితే అదే పేరు. ఇందులో ఒక నది, నదిలో పడవ, మొసళ్ళు, సుడులు, వరసగా వంతెనలు. చివర ఒక ఎర్రవంతెన. దాని దగ్గరికి చేరేసరికి ప్రతిసారీ నా సమయం అయిపోయేది. షాపాయన వెనకనుంచి వచ్చి "లెగరా, అయిపోయింది" అని స్విచ్ నొక్కేవాడు. ఎర్రవంతెన దాటితే ఏముందో నేను చూడలేదు. ఇంత వయసొచ్చాక కూడా అది చూడాలనిపించింది. నవ్వుకోండి, ఫరవాలేదు.

ఒక రోజు కాలేజీలో ఉండగా వీర్రాజు గారు ఫోన్ చేశాడు.

"మాస్టారూ, మీ పడవ రేవుకొచ్చిందండి. తణుకులో గేమ్ షాపు ఎత్తేసినాయన సరుకులో దొరికింది. ఇంటి దగ్గరుంది. ఆదివారం తెస్తానండి. మీకోసం పక్కన పెట్టానండి."

పక్కన పెట్టాను. ఆ మాట మీద నేను మూడు పూటలా తిన్నాను. మర్నాడే నా దగ్గరున్న మంచి సెట్టొకటి, దానిలో గుచ్చిన క్యాసెట్‌తో సహా తీసుకెళ్ళి, పడవకు బదులుగా ఇది ఉంచండి అని ఇచ్చేశాను. ముందే ఎందుకండీ అన్నాడు. ఉంచండి అన్నాను.

ఆదివారం వెళ్ళాను. కొట్లో నలుగురైదుగురు ఉన్నారు. వాళ్ళలో ఒకాయన మా కాలేజీలో చదివే కుర్రాడి తండ్రి. వీర్రాజు గారు నా మొహం చూసి తల గోక్కున్నాడు.

"ఏమనుకోకండి మాస్టారూ. పొద్దున్న విశాఖపట్నం నుంచి ఒకాయన కారేసుకుని వచ్చాడండి. క్యాసెట్లన్నీ ఒకేసారి తీసుకుంటానన్నాడు. ఆ పడవ కూడా ఇస్తేనే తీసుకుంటానన్నాడు. ఇచ్చేశానండి."

"పక్కన పెట్టానన్నారు కదా" అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్లాడి గొంతులా వినిపించింది.

ఆయన తప్పించుకోవడానికి నవ్వాడు. "పిల్లల ఆటే గదండీ. ఇంకోటి దొరక్కపోద్దా? అందాకా ఆ టైములో పిల్లలకి రెండు లెక్కలు ఎక్కువ చెప్పండి."

అందరూ నవ్వారు. ఆ తండ్రిగారు మరీ నవ్వాడు. "అవునా మాస్టారూ, గేములు మీక్కూడానా? మావాడు ఫోను ముట్టుకుంటే చెయ్యి విరిచెయ్యమని చెప్పింది మీరే కదండీ."

నేనూ నవ్వాను. వీర్రాజు గారు టీ తెప్పించాడు. తాగాను. మీ సెట్టు తీసుకెళ్ళండి మాస్టారూ అంటే, ఉండనివ్వండి, ఇంకేదైనా వచ్చినప్పుడు చూద్దాం అన్నాను. పెద్దమనిషిలా అన్నాను. ఆ టీ గొంతులో దిగుతున్నప్పుడే నాలో ఇంకొకటి దిగింది. అప్పుడే దాన్ని ఉమ్మేసి ఉండొచ్చు. ఉమ్మలేదు.

తర్వాత కూడా ప్రతి ఆదివారం వెళ్ళాను. ఇది మీకు వింతగా ఉండొచ్చు. కోపం వస్తే మానేస్తారు కదా, నేను మానలేదు. ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఆయన్ని చూసేవాణ్ణి. ఆయన పాత ఫ్యాను రెక్కలు తుడుస్తుంటే ఈ మనిషికి ఏం జరిగితే నాకు తృప్తిగా ఉంటుందా అని ఆలోచించేవాణ్ణి. కొట్లోకి నీళ్ళు రావడం. ఎలుకలు వైర్లు కొరకడం. నలుగురిలో తల గోక్కుంటూ నిలబడి, సహాయం కోసం నా వైపు చూడడం. ఈ చివరిది అన్నిటికంటే తియ్యగా ఉండేది. క్లాసులో బోర్డు మీద రాస్తూ కూడా దాన్ని చప్పరించేవాణ్ణి. ఏం చెయ్యాలో నాకు తెలియదు. చెయ్యడానికి ఏమీ లేదు కూడా. ఊరికే కూర్చుని ఎదురుచూశాను. కక్ష పెట్టుకున్నవాడికి ఓపిక ఎక్కడ నుంచి వస్తుందో! నా పిల్లలకు లెక్క అర్థం కాకపోతే ఆ ఓపికలో పావు వంతు నాకు ఉండేది కాదు.

ఎదురుచూసింది వచ్చింది.

దానవాయిపేటలో ఒక కాంట్రాక్టరుగారి ఇంట్లో కొన్ని వెండి సామాన్లు, పిల్లలాడుకునే గేమ్ సెట్టు పోయాయట. కానిస్టేబుల్ని వెంటబెట్టుకుని ఆయన సెకండ్ హ్యాండ్ కొట్లన్నీ వెతుకుతున్నాడు. నేను స్టూలు మీద ఉండగానే లోపలికి వచ్చారు. కాంట్రాక్టరుగారు అలమర మీద ఉన్న నా సెట్టు చూసి, "ఇదే. ఇది మాదే" అన్నాడు. అలాంటి బూడిదరంగు సెట్లు అప్పట్లో ఇంటింటా ఉండేవి. ఆయన అబద్ధమాడలేదు, పొరబడ్డాడు.

వీర్రాజు గారికి కంగారు లేదు. నవ్వుతూనే లేచాడు.

"కాదండీ బాబూ. అది మాస్టారు ఇచ్చిందండి. ఇదుగో, ఇక్కడే ఉన్నారు. అడగండి."

కానిస్టేబులు నా వైపు తిరిగాడు. మాస్టారు అనగానే కొంచెం నిటారుగా నిలబడ్డాడు. సెట్టులోంచి క్యాసెట్ లాగి నా చేతికి ఇచ్చాడు.

"ఇది మీదేనాండీ? మీరు చెబితే చాలు, మేం వెళ్ళిపోతాం."

మీరు చెబితే చాలు. ఈ మాట మీరు విన్నారు కదా. ఇంతకంటే తేలిక పని ఏ మనిషికైనా ఉంటుందా?

క్యాసెట్ తిప్పాను. అడుగు అంచున ఎర్ర చుక్క. మా ఇంట్లో, మా గుమ్మంలో కూర్చుని నేనే పెట్టింది. దాని మీద నా బొటనవేలు ఆనించాను. నెమ్మదిగా, దుమ్ము తుడుస్తున్నట్టు. తలెత్తితే వీర్రాజు గారు నా వైపే చూస్తున్నాడు. నేను ఇన్నాళ్ళూ ఊహించుకున్న చూపే, అచ్చం అదే.

"గుర్తు లేదండి" అన్నాను.

"మాస్టారూ" అన్నాడు ఆయన.

"చాలా ఇస్తుంటాను, చాలా తీసుకుంటుంటాను. అన్నీ ఒకేలా ఉంటాయి. ఏది ఎవరిదో ఎలా చెప్పనండీ?"

మా వైపు మాటకు 'అండి' తగిలిస్తే ఎంత కఠినమైనదైనా మెత్తబడుతుందంటారు. నేను దాన్ని కత్తికి పిడిలా వాడుకున్నాను. ఎంత మర్యాదగా అన్నానంటే, కానిస్టేబులు నన్ను ఇబ్బంది పెట్టినందుకు ఏమనుకోవద్దన్నాడు. క్యాసెట్ తీసుకుని సెట్టులో గుచ్చి కాంట్రాక్టరుగారి చేతిలో పెట్టాడు. వెండి సంగతి స్టేషన్లో మాట్లాడదాం పద అని వీర్రాజు గారి భుజం మీద చెయ్యి వేశాడు. ఒక్క క్షణంలో 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. సందులో జనం పోగయ్యారు. షట్టరు దించనివ్వమని ఆయన అడగడం వినిపించింది.

ఇంటికి నడిచి వెళ్ళాను. మా ఆవిడ వడ్డించింది. రెండోసారి అన్నం పెట్టించుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు పాపభీతి కలగలేదు. హాయిగా ఉంది. పిల్లల ఆటే గదండీ, అనుకున్నాను ఆయన గొంతుతోనే.

సాయంత్రానికి ఆయన్ని వదిలేశారు. కొద్ది రోజులకు కాంట్రాక్టరుగారి సామాన్లు వాళ్ళ బావమరిది ఇంట్లోనే దొరికాయని, పండక్కి పట్టుకెళ్ళి తిరిగివ్వడం మర్చిపోయారని తెలిసింది. ఆ సంగతి సందులోకి వచ్చి ఎవరూ చెప్పలేదు. నా సెట్టు కూడా తిరిగి రాలేదు. ఒక మనిషిని పట్టుకెళ్ళడం చూడ్డానికి సందంతా వస్తుంది, అతను దొంగ కాదని చెప్పడానికి ఎవరూ రారు. 'దొంగ సరుకు కొట్టు' అన్న పేరు ఉండిపోయింది. పాత సామాను అమ్మేవాళ్ళు, కొనేవాళ్ళు ఇద్దరూ మానేశారు. కొట్టు యజమాని ఖాళీ చెయ్యమన్నాడు. వీర్రాజు గారు కడియం వెళ్ళి నర్సరీలో మొక్కల లోడింగ్ పనిలో చేరాడని కొన్నాళ్ళకు విన్నాను. విని, అయ్యో అన్నాను. పైకి.

ఎప్పుడు మొదలైంది ఈ బరువు? సరిగ్గా చెప్పలేను. కాకినాడలో ఒక కొట్లో గేములున్నాయా అని అడిగితే, "మేం పెట్టమండీ. రాజమండ్రిలో ఒకాయన దొంగ గేములమ్మి పట్టుబడ్డాడు కదా" అన్నారు. "అవునండి, విన్నాను" అన్నాను. ఆ రోజు బస్సులో కూర్చుని ఆ మాటను వెనక్కి తిప్పి చూసుకున్నాను. మొదటిసారి కక్ష ఉంది. రెండోసారి ఏముంది? ఎవరూ నన్ను నిలదియ్యడం లేదు, ఎవరి మీదా కోపం లేదు, అయినా అదే అబద్ధం మళ్ళీ చెప్పాను. అప్పటికి అది నా నోట్లో ఇల్లు కట్టుకుంది. ఆ తర్వాత క్లాసులో ఎవరైనా కుర్రాడు లేచి "గుర్తు లేదండి" అంటే చాలు, సుద్దముక్క కింద పెట్టేసేవాణ్ణి. వాళ్ళు నాకు కోపమొచ్చిందనుకునేవారు.

ఈ వేసవిలో పడవ గేమ్ దొరికింది. పిఠాపురంలో, ఒక ఇనుప సామాన్ల కొట్లో, తుప్పు పట్టిన తాళాల కింద. ఇంటికి తెచ్చి గుచ్చాను. బొమ్మ రాలేదు. స్పిరిట్ పెట్టి తుడిచాను, రాలేదు. ఎవరూ లేకుండా చూసి ఊదాను. వచ్చింది.

నది, మొసళ్ళు, సుడులు, వంతెనలు. వేళ్ళు మొరాయించాయి, అయినా వదల్లేదు. ఒక మధ్యాహ్నం ఎర్రవంతెన దాటాను. తెర నల్లబడింది. తర్వాత మొదటి రేవు వచ్చింది. అదే రేవు, అదే మొసలి. పడవ కాస్త వేగంగా వెళుతోంది, అంతే. అవతల ఏమీ లేదు. ఉన్నదల్లా మళ్ళీ మొదటినుంచీ. దీనికోసమా? కంట్రోలరు ఒళ్ళో పెట్టేశాను. తెర మీద పడవ రాయికి కొట్టుకుని మునిగిపోయింది. మర్నాడు కడియం వెళ్ళాను.

కాలవగట్టు పక్కన నర్సరీ. ఒక లారీలోకి పూలకుండీలు ఎక్కిస్తున్నారు. వీర్రాజు గారు తలపాగా చుట్టుకుని కింద నిలబడి అందిస్తున్నాడు. బాగా నల్లబడ్డాడు. నన్ను గుర్తుపట్టడానికి ఆయనకు క్షణం పట్టలేదు.

"ఆయ్, మాస్టారూ. ఏం మొక్కలు కావాలండీ?"

పక్కకు రమ్మన్నాను. కొబ్బరిపీచు గుట్టల వెనక్కి వచ్చాడు. దారంతా కట్టుకున్న వాక్యాలు ఒక్కటీ గుర్తు రాలేదు. "ఆ రోజు కొట్లో..." అని ఆగిపోయాను.

"ఆ క్యాసెట్ సంగతా?" అన్నాడు. మాట చివర 'అండి' లేదు. నేనెరిగినంతలో అదే మొదటిసారి. "దాని అడుగున చుక్క ఉందని నాకూ తెలుసు. మీరు వేలు పెట్టడం చూశాను."

"మరి అప్పుడే చెప్పలేదేంటండీ?"

"మీరు తీస్తారని చూశాను. వేలే గదా. ఎంతసేపు, తీస్తారు అనుకున్నాను."

తప్పు నాదే అని మొదలుపెట్టబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇక్కడొద్దు. గుట్ట వెనక నా చెవిలో చెబితే నాకేం లాభం? నా సంగతి నాకు తెలీదా? మీరు గుర్తు లేదన్నది నలుగురిలో." లారీ వైపు చూపించాడు. "ఇక్కడ నా పేరేంటో తెలుసా? సెకండ్ హ్యాండు. రాజమండ్రి డ్రైవరొకడు కథ మోసుకొచ్చాడు. కుండీ ఒకటి తక్కువొస్తే ముందు నా సంచీయే విప్పుతారు. చెప్పేదుంటే అక్కడ చెప్పండి. లేదంటే మొక్క కొనుక్కుని వెళ్ళండి."

ఆయన కళ్ళల్లో నేనెరిగిన కక్షే కనబడింది. స్టూలు మీద కూర్చుని ఆయన్ని చూసినప్పుడు నా కళ్ళల్లో ఉండేది. నిజం రాయమంటే, నాకు కోపం కూడా వచ్చింది. ఇంత దూరం వచ్చాను కదా, ఇంకా ఇదెందుకు అనిపించింది. పడవ అమ్మేసి అందరిలో నవ్వినవాడు నువ్వు కాదా అని నోటిదాకా వచ్చింది. అది ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు. దాన్ని చల్లార్చుకుని వెళ్ళాలని ఆగి ఉంటే, ఎప్పటికీ వెళ్ళేవాణ్ణి కాదు.

ఆయన వెనకే లారీ దగ్గరికి నడిచాను. ఆయన మళ్ళీ కుండీలు అందించడంలో పడిపోయాడు. అరవైమంది పిల్లలకు మైకు లేకుండా వినిపించే గొంతు నాది. పదిమంది ముందు కీచుగా వచ్చింది.

"ఒక్క నిమిషం వినండి. నేను రాజమండ్రిలో పిల్లలకు చదువు చెబుతానండి. వీర్రాజు గారి కొట్లో దొరికింది దొంగ సరుకు కాదు. నాది. నా చేతులతో నేనే ఇచ్చాను. పోలీసాయన అడిగితే గుర్తు లేదన్నాను. ఈయన మీద కక్ష పెట్టుకుని అన్నాను. ఈయన ఏ తప్పూ చెయ్యలేదు."

చేతులు ఆగాయి. లారీ మీద నిలబడ్డ డ్రైవరు ఒకసారి నన్ను, ఒకసారి వీర్రాజు గారిని చూసి తల పక్కకు తిప్పుకున్నాడు. గంప దించిన ఒకామె నన్ను కిందనుంచి మీద దాకా చూసింది.

"ఇన్నేళ్ళయ్యాక అంత బాగా గుర్తుందేంటండీ తమకి?"

"గుర్తుందండి" అన్నాను.

వీర్రాజు గారు నా వైపు తిరగలేదు. కుండీ తర్వాత కుండీ పైకి ఇస్తున్నాడు. చెమటకు తడిసిన ఆయన వీపు వైపు చూసే చెప్పాను.

"క్షమించండి, వీర్రాజు గారూ."